నీటికాకి కడుపులో ఏముంది?

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం పాఠశాల ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా సైన్సు విషయం మీద అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేస్తే, ‘నీటికాకుల గురించి చెబుతానండీ’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ‘స్వర్ణోత్సవాలు కదండీ, ఇంకేదైనా మంచి సబ్జెక్టు చూడండి’ అన్నారు. చూశాను. ఈ ఆవరణలో ఇంతకంటే మంచి సబ్జెక్టు నాకు దొరకలేదు. మీరంతా ఒక్కసారి వెనక్కి తిరిగి, చెరువు గట్టు వైపు చూడండి. మూడు నిద్రగన్నేరు చెట్లు, ఒక చింత. ఆ కొమ్మల మీద నల్లగా కనిపించేవి మామూలు కాకులు కావు. ఉదయం నుంచి మైకు మోగుతున్నా గూళ్లు వదలకుండా కూర్చున్నాయి. గూళ్లలో పిల్లలున్నాయి కాబట్టి వదలవు.

ఆ నాలుగు చెట్లు కొట్టేసి, ఆ స్థలంలో స్వర్ణోత్సవ భవనం కట్టాలని మన సంఘం అనుకుంటోంది. ఆ భవనానికి చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతికి చివర్లో వస్తాను. ముందు ఆ పక్షి ఎవరో, ఏం తింటుందో చెప్పనివ్వండి. ముప్పై ఏళ్లుగా డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. కానీ ఈ పాఠం నాకు మొదలైంది ఈ బడిలోనే, సైన్సు గదిలో, నా తొమ్మిదో తరగతిలో.

ఎవరీ నీటికాకి?

పేరులో కాకి ఉన్నా, కాకికీ దీనికీ చుట్టరికం లేదు. రంగు నలుపు కాబట్టి మనవాళ్లు అలా పిలిచారు. తమాషా ఏమిటంటే ఇంగ్లీషులో దీన్ని కార్మొరాంట్ అంటారు. ఆ మాట పుట్టింది ‘సముద్రపు కాకి’ అనే అర్థమున్న లాటిన్ మాటల నుంచి. కొల్లేటి ఒడ్డున ఉన్న మనకీ, ఎక్కడో ఐరోపా తీరంలో ఉన్నవాళ్లకీ ఈ పక్షిని చూడగానే తోచింది ఒకటే మాట.

మన దేశంలో మూడు రకాలున్నాయి. ఈ చెట్ల మీద ఉన్నవి ఎక్కువగా చిన్న నీటికాకులు. మూరెడు పొడవు, అరకిలోకి అటూఇటూ బరువు. ముక్కు పొట్టిగా ఉంటుంది. రెండో రకం మధ్యస్థం. సన్నటి పొడవాటి ముక్కు, నీలిరంగు కన్ను దాని గుర్తు. మూడోది పెద్ద నీటికాకి. రెక్కలు చాపితే మనిషి చేతులు చాపినంత వెడల్పు ఉంటుంది, రెండు మూడు కిలోలు తూగుతుంది. మన ప్రాంతంలో పెద్ద జలాశయాల దగ్గరే అది బాగా కనబడుతుంది. ఈ మూడింటికీ తేడా తెలియక మనం ఒకటి చేసిన తప్పుకు ఇంకొకదాన్ని శిక్షిస్తుంటాం. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

దీని ఒంటి కట్టు చూస్తే ఇది నీటి అడుగున వేటాడ్డానికే పుట్టిందని తెలిసిపోతుంది. కాళ్లు శరీరానికి బాగా వెనకగా ఉంటాయి. బాతుకు మూడు వేళ్ల మధ్యే పొర ఉంటుంది, దీనికి నాలుగు వేళ్లనూ కలుపుతూ ఒకే పొర. నీటిలో రెక్కలు ముడిచి, కాళ్లతో తోసుకుంటూ చేప వెంట పడుతుంది. ముక్కు చివర కొక్కెంలా వంగి ఉంటుంది. చేపను పొడవదు, పట్టుకుంటుంది. పైకి తెచ్చి, ఎగరేసి తిప్పి, తల ముందుకు వచ్చేలా మింగుతుంది. తోక వైపు నుంచి మింగితే రెక్కముళ్లు గొంతులో గుచ్చుకుంటాయని దానికి మనం చెప్పక్కర్లేదు.

చేపల చెరువు గట్టు మీద కర్రలపైన ఇది రెక్కలు చాపుకుని నిలబడడం మీరంతా చూసే ఉంటారు. చిన్నప్పుడు మేం దాన్ని ‘దిష్టిబొమ్మ’ అని వెక్కిరించేవాళ్లం. అసలు సంగతి వేరు. బాతు ఈకల్లోకి నీరు దిగదు. ఈకల కింద గాలి నిలిచి అది బెండులా తేలుతుంది. నీటికాకి ఈకల అంచులు మాత్రం తడుస్తాయి, చర్మానికి దగ్గరగా ఉన్న భాగం పొడిగా ఉంటుంది. అంచులు తడవడం వల్ల గాలి తగ్గి, మునగడం తేలికవుతుంది. వేట అయ్యాక ఆ తడి ఆరాలి. అందుకే ఆ రెక్కలు చాపడం. మునగడానికి పనికొచ్చే గుణమే బయటికొచ్చాక ఇబ్బంది. రెండూ కలిపి మోస్తుందది.

1983 కార్తీకం

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. ఇది నేను సభలో ఎప్పుడూ చెప్పలేదు.

అప్పటికి మన చుట్టుపక్కల వరి చేలు ఒక్కొక్కటే చేపల చెరువులవుతున్నాయి. మా నాన్న కూడా అప్పు తెచ్చి రెండెకరాలు తవ్వించాడు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు వేశాడు. తవుడు, వేరుశనగ చెక్క సంచుల్లో పోసి, సంచికి చిల్లులు పెట్టి కర్రలకు కట్టేవాడు. పేడ ఎరువు బాగా వేశాడు. నీరు చిక్కటి ఆకుపచ్చగా తిరిగింది. ‘నీరు పచ్చగా ఉంటే చేప బలుస్తుంది’ అని మురిసిపోయాడు. కార్తీకానికి ఒక్కో చేప పావుకిలో దాటింది. మా అక్క పెళ్లికి ఆ చెరువునే నమ్ముకున్నాం.

ఆ నెలలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఎండ మొహం చూడలేదు. అయిదో రోజు తెల్లవారుజామున నాన్న గట్టు మీదికి వెళ్లేసరికి చెరువు మీద నల్లగా నీటికాకులు, తెల్లగా కొంగలు. చేపలు మూతులు పైకి పెట్టి కొట్టుకుంటున్నాయి. పక్షులు వాటి మధ్యే తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి చచ్చిన చేపలు గట్టుకు కొట్టుకొచ్చాయి. ఆ తర్వాత వారం రోజులూ మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు.

నాన్న కళ్లారా చూసింది పక్షుల్ని. కాబట్టి దొంగ దొరికిపోయాడు. నాటు తుపాకితో పిట్టలు కొట్టే ఒకతన్ని పిలిపించాడు. అప్పటికి నీటికాకులు మన బడి వెనక ఈ చెట్ల మీదే గూళ్లు పెట్టాయి. ఆదివారం పొద్దున్న, బడి లేని సమయం చూసి కాల్చారు. కింద పడినవాటిని గోనెసంచిలో ఏరింది నేనే. నాకు ఏమీ అనిపించలేదు, పైగా గర్వంగా ఉంది. మర్నాడు బడికొచ్చాను. కొట్టేసిన తల్లుల గూళ్లలోంచి పిల్లలు అరుస్తున్నాయి. ఈకలు లేని నల్లటి పిల్లలు, పుట్టి వారం కూడా అయి ఉండదు. మూడో రోజుకు అరుపులు ఆగిపోయాయి. ఇప్పుడు నాకు యాభై ఆరు. ఆ నిశ్శబ్దం నాకింకా వినబడుతుంది.

మన సైన్సు మాస్టారు ఆ సోమవారమే నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ‘సంచిలో ఇంకా ఉన్నాయా?’ అన్నారు. మూడు పక్షుల్ని తెమ్మన్నారు. బల్ల మీద పాత పేపరు పరిచి, బ్లేడు పెట్టి ఒక్కొక్క దాని కడుపూ కోశారు. నా చేత నోట్సులో రాయించారు.

మొదటి దానిలో పరిగెలు, రెండు చిన్న రొయ్యలు. రెండోదానిలో పరిగెలు, కప్పపిల్లలు, ఒక మట్టగిడస పిల్ల. అన్నీ వేలెడంత లోపే. మూడోదానిలో మాత్రం రెండు శీలావతి పిల్లలున్నాయి, వేలెడంతవే. అవి మా చెరువువి కావు. మా చేపలు పావుకిలో దాటినవి, ఆ పక్షి గొంతులో పట్టవు. ఎవరో పిల్లల చెరువులోంచి తెచ్చుకున్నవి. నేను మూడోదాన్ని రాయకుండా ఆగాను. మాస్టారు పక్షుల వైపు ఉన్నారని నాకు అర్థమైంది కదా, ఆయనకు నచ్చదేమో అనుకున్నాను. ఆయన, ‘మూడోది కూడా రాయి’ అన్నారు. అంతే. ఇంకే ఉపన్యాసమూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నోట్సు తీసుకెళ్లి నాన్నకు చూపించాను. చాలాసేపు చూశాడు. ‘మరి మన చేపల్ని తిన్నదెవర్రా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు డిగ్రీలో దొరికింది.

పచ్చటి నీరు అంటే నీటిలో నాచు కణాలు కోట్ల కొద్దీ ఉన్నాయని అర్థం. పగలు ఎండలో అవి ప్రాణవాయువు తయారుచేస్తాయి. రాత్రి అవీ చేపల్లాగే దాన్ని వాడుకుంటాయి. అందుకే చెరువులో ప్రాణవాయువు తెల్లవారేముందు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నాలుగు రోజులు ముసురు పడితే తయారీ తగ్గుతుంది, వాడకం తగ్గదు. అడుగున కుళ్లే ఎరువు, మిగిలిన మేత ఇంకొంత లాగేస్తాయి. చేప ఊపిరాడక పైకి వస్తుంది. పైకి వచ్చిన చేపను చూసి పక్షి వస్తుంది. మా నాన్న చూసింది నిజమే, వరుసే తప్పు. పక్షులు వచ్చినందుకు చేపలు చావలేదు. చేపలు చస్తున్నందుకు పక్షులు వచ్చాయి. ఇవాళ గట్టు మీద ఏరేటర్ తిప్పే ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు. తెల్లవారుజామున పక్షులు ఒక్కసారిగా ఒకే చెరువు మీద వాలితే, తుపాకి కోసం కాదు, మోటారు స్విచ్చు కోసం పరిగెత్తాలి.

ఏం తింటుందో ఎలా తెలుస్తుంది?

కడుపు కోయనక్కర్లేదు. చచ్చిన పక్షి ఒక్కపూట భోజనమే చెబుతుంది. బతికున్న పక్షి ఏడాదంతా చెబుతుంది. నీటికాకి మింగిన చేపలో కండ అరుగుతుంది, ఎముకలు, పొలుసులు కడుపులో మిగులుతాయి. వాటిని ఒక జిగురు పొరలో ఉండలా చుట్టి కక్కేస్తుంది. సాధారణంగా రోజుకొకటి. గూళ్ల కింద వెతికితే ఈ ఉండలు దొరుకుతాయి. నీళ్లలో నానబెట్టి విప్పితే లోపల చేప చెవిలోని చిన్న రాళ్లు ఉంటాయి. చేప తలలో తూకం తెలుసుకోడానికి పనికొచ్చే రాళ్లవి. ఒక్కో జాతి చేపకు ఆ రాయి ఆకారం ఒక్కో రకం. రాయి పొడవును బట్టి చేప ఎంత పొడవో లెక్కకట్టవచ్చు. రాయిని పలచగా అరగదీసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనబడతాయి, వాటితో వయసు చెప్పవచ్చు.

దీనిలోనూ లోపముంది. మరీ చిన్న చేపల రాళ్లు కడుపులో కరిగిపోతాయి. రొయ్యలు, కప్పపిల్లల ఆనవాళ్లు తక్కువ మిగులుతాయి. అందుకని ఉండల లెక్కతో పాటు, పిల్లలకు తినిపించేటప్పుడు కింద పడినవాటిని ఏరి చూడాలి, దూరం నుంచి బైనాక్యులర్స్‌తో వేట చూడాలి. మూడూ కలిపితే నిజానికి దగ్గరగా వస్తాం.

అలా చూస్తే తేలిందేమిటంటే, చిన్న నీటికాకి చిన్న చేపల పక్షి. కాలవల్లో, ఊరచెరువుల్లో, వరి చేల పక్క గుంటల్లో లోతు తక్కువ నీటిలో ఒంటరిగానో, చెదురుమదురుగానో వేటాడుతుంది. అక్కడ దండిగా దొరికే పరిగెలు, చిన్న జెల్లలు, రొయ్యలు, కప్పపిల్లలు దాని రోజువారీ తిండి. మనం ‘కలుపు చేపలు’ అని ఏరి పారేసేవి. అవి పెంపకం చెరువులో మేతకు, ప్రాణవాయువుకు పోటీ వచ్చేవి కూడా. మధ్యస్థం, పెద్దవి అలా కాదు. అవి గుంపుగా వరస కట్టి చేపల్ని ఒక మూలకు తోలతాయి. గూడబాతులు, కొంగలు ఆ సందడిలో చేరి వాటా తీసుకుంటాయి. పెద్ద నీటికాకి రోజుకు దాదాపు అరకిలో చేప తింటుందని ఐరోపాలో లెక్కలు కట్టారు. చిన్నదాని మొత్తం బరువే అంత. అది రోజుకు కిలో చేప తింటుందని చెరువు గట్ల మీద చెప్పుకునే మాట అసాధ్యం.

మూడోది కూడా రాస్తాను

ఇక్కడ చేపల రైతులు చాలామంది ఉన్నారు. వాళ్లవైపు మాట కూడా చెప్పకపోతే మా మాస్టారు ఒప్పుకోరు.

పిల్లల చెరువుల్లో నీటికాకి నష్టం నిజం. అంగుళం, రెండంగుళాల పిల్లలు లక్షల్లో, లోతు తక్కువ నీటిలో, ఒకేచోట ఉంటే ఏ పక్షి మాత్రం వదులుతుంది? ఇన్ని చేపల్ని ఇంత ఇరుకులో ప్రకృతి ఎప్పుడూ పెట్టలేదు. మనమే విస్తరి వేసి, వడ్డించి, వచ్చినవాణ్ణి దొంగ అంటున్నాం. కానీ నష్టం రైతుదే, అందులో అబద్ధం లేదు. ముక్కు తగిలి తప్పించుకున్న చేపకు గాయమై, అక్కడ రోగం పట్టడమూ ఉంది.

మరి కాలిస్తే పోతుందా? పది కొడితే పక్క చెరువు నుంచి పది వస్తాయి, ఎందుకంటే విస్తరి అక్కడే ఉంది. తాటాకు టపాకాయలు కొడితే రెండు రోజులు బెదురుతాయి, మూడో రోజు అలవాటు పడతాయి. పనిచేసేవి వేరే ఉన్నాయి. పిల్లల చెరువులు చిన్నవి కాబట్టి వాటి మీద వల కప్పవచ్చు. చాలామంది ఇప్పుడు కప్పుతున్నారు. వల బిగుతుగా కట్టాలి, వదులుగా ఉంటే పక్షి చిక్కుకుని చస్తుంది. పెద్ద చెరువులో వేలెడంత పిల్లల్ని కాక, ఏడాది ఆపి పెంచిన వంద గ్రాముల పైబడిన పిల్లల్ని, మన వాళ్లు జీరో సైజు అంటారే, వాటిని వేస్తే చిన్న నీటికాకికి మింగుడుపడదు. మన ప్రాంతంలో ఆ పద్ధతి వేరే కారణాలతో ముందే వచ్చింది. పక్షి సమస్యకూ అదే మందు. బెదిరించే పద్ధతులు రోజుకొకటి మార్చాలి, పక్షి కంటే మనిషి తిరగడమే అన్నిటికంటే మేలు.

చైనాలో, జపాన్‌లో నీటికాకులతో చేపలు పట్టించారు. జపాన్‌లో గిఫు నగరం దగ్గర నగర నదిలో ఇప్పటికీ వేసవి రాత్రుల్లో పడవ ముందు మంట పెట్టి, మెడకు తాడు కట్టిన నీటికాకులతో వేట చూపిస్తారు. తాడు చిన్న చేపను మింగనిస్తుంది, పెద్దదాన్ని ఆపుతుంది. ఐరోపాలో కథ మన లాంటిదే. ఒకప్పుడు కాల్చి కాల్చి తగ్గించారు. 1979లో పక్షుల రక్షణకు ఉమ్మడి చట్టం వచ్చాక బాగా పెరిగాయి. ఇప్పటికీ అక్కడ చేపల రైతులకూ పక్షుల వాళ్లకూ గొడవ నడుస్తూనే ఉంది. కాబట్టి ఇది మనూరి రైతుల మొండితనమూ కాదు, మనూరి పక్షుల దొంగబుద్ధీ కాదు.

మన కొల్లేటి సంగతి మీకు నేను చెప్పాలా? బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో లోపలి చెరువు గట్లు కొట్టేసిన రోజులు మీకు గుర్తే. ఆ వాదం ఇక్కడ తెరవను, ఈ సభలో రెండు వైపులవాళ్లూ ఉన్నారు. ఒక్కటే అంటాను. సహజమైన లోతు తక్కువ నీరు తగ్గిన కొద్దీ ఆ నీటి మీద బతికే పక్షి మన చెరువు గట్టు మీదికి వస్తుంది. దానికి వెళ్లడానికి వేరే చోటు ఉండాలి.

చెట్టు కింద తెల్లటి రెట్ట

తింటుంది సరే, ఇచ్చేదేమైనా ఉందా? ఉంది, అదీ మనకు నచ్చని రూపంలో. చెట్ల కింద పడే రెట్టలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. పది ఊళ్ల నీటిలో తిన్నది తెచ్చి ఒక చెరువులో వేస్తుందన్నమాట. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేదంతాంగళ్ అనే ఊరుంది. అక్కడి రైతులు ఎన్నో తరాలుగా చెరువులోని పక్షుల్ని కాపాడుకుంటున్నారు. ఆ చెరువు నీరు పెడితే పొలానికి ఎరువు పెట్టినట్టేనని వాళ్లకు తెలుసు. 1798లోనే అక్కడి కలెక్టరు ఆ చెరువు పక్షులకు రక్షణ ఇచ్చాడు. అంత దూరం ఎందుకు, గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువులోనే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటి మధ్యే బతుకుతున్నారు.

మళ్లీ మూడోది రాస్తాను. ఆ రెట్ట కంపు కొడుతుంది. ఎక్కువైతే కింద మొక్కలు మాడతాయి, ఏళ్ల తరబడి పడితే చెట్టు కూడా ఎండుతుంది. చెరువులో పడింది మోతాదు మించితే నీరు మా నాన్న చెరువులా చిక్కబడుతుంది. ముఖ్యంగా, మన మధ్యాహ్న భోజనాల షెడ్డు సరిగ్గా ఆ చెట్ల కిందే ఉంది. అక్కడ పిల్లలు కంచాలు పట్టుకు కూర్చోవడం ఎవరూ ఒప్పుకోకూడదు. ప్రధానోపాధ్యాయులుగారి ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయం.

నా మనవి

ఇక అసలు మాట. భవనం వద్దని నేననను. వర్షం వస్తే ఈ పిల్లలకు కూర్చునే హాలు లేదు. ఇవ్వాల్సిందే. ప్లాను గీసినవారు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో కూడా నాకు తెలుసు. రోడ్డుకు దగ్గర, మట్టి గట్టిది, పునాది ఖర్చు తక్కువ.

నేను అడిగేవి మూడు. ఒకటి, ఏ నిర్ణయమైనా సరే, ఈ పిల్లలు ఎగిరేదాకా చెట్ల మీద చెయ్యి వెయ్యొద్దు. గుడ్డు పొదగడానికి రెండు మూడు వారాలు, పిల్ల గూడు వదలడానికి ఇంకో నెల. గూళ్లు ఇప్పుడు రకరకాల దశల్లో ఉన్నాయి. వేసవి మొదలయ్యేదాకా ఆగితే చాలు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి గుడ్లను పాడుచేసినా, గూళ్లను కదిలించినా వేట కిందే లెక్క. చట్టం చెప్పి బెదిరిస్తున్నానని అనుకోవద్దు, మన సంఘం పేరు మీద ఆ మచ్చ వద్దంటున్నాను.

రెండు, భవనాన్ని పాత వాలీబాల్ కోర్టు వైపు జరిపే వీలుందేమో ఇంజినీరుగారు మళ్లీ చూడాలి. అక్కడ మట్టి మెత్తన, పునాదికి ఖర్చు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో అంచనా వేయించండి. పెరిగేదానిలో నా వాటా నేను ఇస్తాను, మా బ్యాచ్‌వాళ్లను అడుగుతాను. మొత్తం వస్తుందని హామీ ఇవ్వలేను.

మూడు, భోజనాల షెడ్డును అక్కడి నుంచి రేపే మార్చండి. దానికి భవనం దాకా ఆగక్కర్లేదు. చెట్ల కింద కంచె కట్టి, ఆ రెట్టమట్టిని ఏడాదికోసారి ఎత్తి బడి తోటకు వాడుకోవచ్చు. సైన్సు క్లబ్బు పిల్లలు కింద దొరికే ఉండలు ఏరి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని విప్పి చూడవచ్చు. ఏ నెలలో ఏ చేప, ఎంత పొడవు, పట్టిక వెయ్యండి. అయిదేళ్లు రాస్తే ఈ ఊరి రైతులకు ఉపయోగపడే లెక్క అది. అప్పుడు గట్టు మీద వాదన నోటితో కాక కాగితంతో జరుగుతుంది. ఆ లెక్కలో మన పరిగెలే ఎక్కువ ఉంటాయని నా నమ్మకం. పెంపకం చేపలే ఎక్కువ తేలితే, అదీ రాయండి.

ఒక చివరి మాట. మా నాన్న ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా చెరువు చేశాడు. అక్క పెళ్లి రెండేళ్లు ఆలస్యమైంది, కానీ అయింది. నేను డిగ్రీలో నేర్చుకున్నది చెప్పినప్పుడు నాన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తుపాకి అతన్ని పిలవలేదు. తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్లినప్పుడు ముందు ఆకాశం వైపు చూసేవాడు. పక్షులు వాలుతుంటే, ‘ఒరేయ్, నీళ్లు మార్చాలి, లేవండి’ అని మమ్మల్ని లేపేవాడు. రెండుసార్లు ఆ పక్షుల వల్లే చెరువు దక్కింది.

ఈ బడి నాకు చాలా ఇచ్చింది. అన్నిటికంటే విలువైనది ఆ బల్ల దగ్గర ఇచ్చింది. నచ్చినవి రెండు రాశాక, నచ్చని మూడోదాన్ని కూడా రాసే అలవాటు అది. 1983లో ఆ చెట్ల కింద నేను గోనెసంచి పట్టుకుని నిలబడ్డాను. ఇవాళ అదే చెట్ల ముందు మైకు పట్టుకుని నిలబడ్డాను. ఈ రెండోసారి నేను తేవలసింది తెచ్చాననుకుంటున్నాను. నిర్ణయం మీ చేతుల్లో, సాయంత్రం జరిగే సర్వసభ్య సమావేశంలో ఉంది.

 మా సైన్సు మాస్టారికి, ఆయన ఎక్కడున్నా, పాదాభివందనం. సెలవు.